ఇంట్లో యూపీఎస్ బ్యాటరీలను సొంతంగా మార్చుకోవడం

కరెంటు పోయిన తర్వాత కనీసం పది నిమిషాలు కంప్యూటరును నిలబెట్టవలసిన యూపీఎస్ పది సెకన్లకే ఆరిపోతుంటే, ఆ పెట్టె మొత్తం పాడైపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో అన్నిటికంటే ముందు అరిగిపోయేది బ్యాటరీ. ట్రాన్స్‌ఫార్మరు, బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు సర్క్యూటు, కరెంటు దారి మార్చే స్విచ్‌లైన రిలేలు సరిగా చూసుకుంటే పదేళ్లు కూడా పనిచేస్తాయి. లోపలి లెడ్-యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు మాత్రం సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లే. అందుచేత ఒక యూపీఎస్‌కు దాని జీవితకాలంలో రెండుసార్లు బ్యాటరీ మార్చవలసి రావడం లోపం కాదు, ఎదురుచూడవలసిన నిర్వహణ పనే.

ఈ పని కష్టమైనది కాదు. చిన్న యూపీఎస్ అయితే ఒక స్క్రూడ్రైవరుతో అరగంటలో ముగుస్తుంది. అయితే మొదలుపెట్టే ముందు ఒక విషయాన్ని గట్టిగా మనసులో పెట్టుకోవాలి. ఇంట్లో మిగతా విద్యుత్ పరికరాల్లో చాలావాటిని గోడ సాకెట్ నుంచి తీసేస్తే వాటిలో కరెంటు ఉండదు. యూపీఎస్‌ను తీసేసినా అందులో కరెంటు ఉంటుంది. గోడ నుంచి రానప్పుడు ఇవ్వడానికే దాన్ని తయారుచేశారు. ఇక్కడ చెప్పబోయే జాగ్రత్తల్లో చాలా వరకు ఈ ఒక్క కారణం వల్లనే అవసరమయ్యాయి.

మార్చవలసింది బ్యాటరీయేనా?

కొత్త బ్యాటరీ కొనే ముందు పాతది నిజంగా పోయిందో లేదో తేల్చుకోవాలి. యూపీఎస్ ముందుభాగంలో బ్యాటరీ మార్చమని సూచించే దీపం వెలగడం, లోడు, అంటే తగిలించిన పరికరాల భారం, ఏమీ పెరగకుండానే బ్యాకప్ సమయం బాగా తగ్గిపోవడం, స్వీయపరీక్ష చేయించినప్పుడు యూపీఎస్ విఫలమైనట్లు బీప్ శబ్దం చేయడం, పెట్టె ఒక పక్క అసాధారణంగా వెచ్చగా ఉండడం, కుళ్లిన గుడ్డు లాంటి వాసన రావడం, ఇవన్నీ బ్యాటరీ వైపే వేలు చూపుతాయి. బీప్ శబ్దాల అర్థం ఒక్కో మోడలులో ఒక్కో రకంగా ఉంటుంది కనుక దానితో వచ్చిన పుస్తకం చూడడం మంచిది. మరోవైపు, ఈమధ్యే పెద్ద మానిటరో, ఇంకొక కంప్యూటరో అదనంగా తగిలించి ఉంటే బ్యాకప్ తగ్గడానికి అదే కారణం కావచ్చు. అలాంటప్పుడు బ్యాటరీని నిందించి ప్రయోజనం లేదు.

వోల్టేజిని కొలిచే మల్టీమీటరు ఉన్నవారు పరీక్షను ఇంకొంచెం ముందుకు తీసుకువెళ్లవచ్చు; మూత తీసే ముందు, కింద చెప్పబోయే జాగ్రత్తలన్నీ దీనికీ పాటించాలి. ఇళ్లలో వాడే యూపీఎస్‌లలో ఎక్కువగా ఉండేది సీలు చేసిన 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీ. అందులో ఆరు సెల్లులు వరుసగా కలిసి ఉంటాయి, ఒక్కో సెల్లు సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. పూర్తిగా ఛార్జ్ చేసి, యూపీఎస్ నుంచి విడదీసి, కొన్ని గంటలు ఊరికే ఉంచిన ఆరోగ్యకరమైన బ్యాటరీ 12.8 నుంచి 13 వోల్టుల మధ్య చూపిస్తుంది. రాత్రంతా ఛార్జ్ చేసినా మీటరు 10.6 దగ్గరే ఆగిపోతే ఒక సెల్లు లోపల షార్ట్ అయినట్టే. అది ఇక బాగుపడదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. మీటరు 12.7 చూపించినంత మాత్రాన బ్యాటరీ మంచిదని అర్థం కాదు. పాతబడిన బ్యాటరీలో పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది, లోపలి తేమ క్రమంగా తగ్గుతుంది, దానితో అంతర్నిరోధం, అంటే కరెంటుకు బ్యాటరీ లోపలే ఎదురయ్యే అడ్డు, పెరుగుతుంది. మీటరు తీసుకునే కరెంటు దాదాపు సున్నా కనుక ఆ నిరోధం మీటరుకు కనబడదు. ఇన్వర్టరు ఒక్కసారిగా ఇరవై ముప్పై ఆంపియర్లు అడిగినప్పుడే అది బయటపడి వోల్టేజి కుప్పకూలుతుంది. అందుకని బ్యాటరీని ఏదో ఒక లోడు మీద చూడాలి. కారు హెడ్‌లైటుకు వాడే 12 వోల్టుల, 55 వాట్ల బల్బు ఇందుకు చక్కగా పనికివస్తుంది. అది సుమారు నాలుగున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. బల్బు వెలుగుతుండగా మీటరు పెట్టి రెండు నిమిషాలు గమనించండి. 7 ఆంపియర్-అవర్ల (ఇది బ్యాటరీ నిల్వ సామర్థ్యానికి కొలత) మంచి బ్యాటరీ 12 వోల్టుల పరిసరాల్లో నిలకడగా ఉంటుంది. పాడైన బ్యాటరీ అయితే మీటరు అంకెలు కళ్ల ముందే జారిపోతూ 11 కంటే కిందికి వస్తాయి. బల్బు విపరీతంగా వేడెక్కుతుంది, గాజును చేత్తో తాకవద్దు, కింద కాగితమో గుడ్డో లేకుండా చూసుకోండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ఈ పరీక్ష చేయనే కూడదు. ఉబ్బడమే తగినంత రుజువు.

కొత్త బ్యాటరీ ఎంపిక

యూపీఎస్ మోడలు పేరు చెప్పి బ్యాటరీ కొనేయడం కంటే, ముందు మూత తీసి పాత బ్యాటరీ మీద ముద్రించిన వివరాలను స్వయంగా చదువుకోవడం మేలు. లోపల ఎన్ని బ్యాటరీలు ఉన్నాయి, ఒక్కొక్కటి ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్-అవర్లు, కొలతలు ఎంత, వైర్లు తగిలించే లోహపు కొనలైన టెర్మినళ్ల వెడల్పు ఎంత అనే ఐదు సంగతులు రాసుకోవాలి. 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ పెట్టె సాధారణంగా 151 మిల్లీమీటర్ల పొడవు, 65 వెడల్పు, టెర్మినళ్లు కాకుండా 94 ఎత్తు ఉంటుంది. 9 ఆంపియర్-అవర్ల బ్యాటరీ కూడా చాలా వరకు ఇదే పెట్టెలో వస్తుంది. అందుచేత 7 ఉన్నచోట 9 పెట్టుకోవచ్చు. ఛార్జ్ కావడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, బ్యాకప్ కొంత పెరుగుతుంది. 9 ఉన్నచోట 7 పెట్టడం మాత్రం సరికాదు.

అలాగని బయట పెద్ద బ్యాటరీ పెట్టి, వైర్లు లోపలికి లాగి గంటల తరబడి బ్యాకప్ సాధించాలనుకోవడం ప్రమాదకరం. చిన్న యూపీఎస్‌లోని ట్రాన్స్‌ఫార్మరు, ట్రాన్సిస్టర్లకు బిగించిన వేడి తగ్గించే లోహపు రెక్కలు కొద్ది నిమిషాల పనికి సరిపడేలా తయారైనవి. లోపలి బ్యాటరీ అయిపోవడమే వాటికి దొరికే విశ్రాంతి. పెద్ద బ్యాటరీతో ఆ విశ్రాంతి పోతుంది, వేడి పెరిగిపోతుంది, లోపలి ఛార్జరు కూడా అంత పెద్ద బ్యాటరీని నింపలేక ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. కారు బ్యాటరీని ఇంట్లో పెట్టడం మరీ తప్పు. మూతలు ఉండి నీళ్లు పోసే రకం బ్యాటరీ ఛార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువును బయటికి వదులుతుంది, అది మూసిన గదిలో పోగైతే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది.

కొన్ని బ్యాటరీల మీద ఆంపియర్-అవర్లకు బదులు, లేదా వాటితోపాటు, వాట్ల లెక్క రాసి ఉంటుంది. పదిహేను నిమిషాల్లో ఖాళీ అయ్యేలా వాడినప్పుడు ఒక్కో సెల్లు ఎన్ని వాట్లు ఇవ్వగలదో ఆ అంకె చెబుతుంది. యూపీఎస్‌కు సంబంధించినంత వరకు ఆంపియర్-అవర్ల కంటే ఇదే నమ్మదగిన లెక్క. ఎందుకంటే 7 ఆంపియర్-అవర్లు అన్నది ఇరవై గంటల పాటు నిదానంగా వాడినప్పటి మాట. కరెంటును వేగంగా లాగేకొద్దీ లెడ్-యాసిడ్ బ్యాటరీ నుంచి దొరికే మొత్తం తగ్గిపోతుందని జర్మన్ శాస్త్రవేత్త ప్యూకర్ట్ 1897లోనే సూత్రబద్ధం చేశారు. 12ను 7తో గుణించి 84 వాట్-అవర్లు వస్తాయని, కాబట్టి 250 వాట్ల లోడు ఇరవై నిమిషాలు నడుస్తుందని కాగితం మీద లెక్క వేసుకున్నవారు తర్వాత నిరాశ పడతారు. పది నిమిషాల్లో ఖాళీ అయ్యేంత వేగంతో లాగితే రాసిన సామర్థ్యంలో దాదాపు సగమే చేతికి వస్తుంది, అందులోనూ ఇన్వర్టరులో కొంత వృథా అవుతుంది. రెండు బ్యాటరీల మధ్య తేల్చుకోవలసి వస్తే, అధిక వేగపు వాడకానికని ప్రత్యేకంగా చేసినదాన్నే నేను తీసుకుంటాను.

టెర్మినళ్ల విషయం చిన్నదిగా కనిపిస్తుంది గాని నిర్లక్ష్యం చేయకూడదు. చదునైన రేకులా ఉండే ఈ టెర్మినళ్లు రెండు వెడల్పుల్లో వస్తాయి: ఒకటి 4.75 మిల్లీమీటర్లు, రెండోది 6.35 మిల్లీమీటర్లు. యూపీఎస్ వైర్ల చివర ఉండే క్లిప్పులు ఎక్కువగా వెడల్పు రకానికి సరిపోతాయి. మొదటిసారి నేను చూసుకోకుండా సన్న టెర్మినళ్ల బ్యాటరీ తెచ్చి, క్లిప్పులను కటింగ్ ప్లేయరుతో నొక్కి ఎలాగో పట్టించాను. ఛార్జింగ్ బాగానే జరిగింది. కరెంటు పోయి లోడు పడిన రెండో నిమిషంలో ఆ వదులు అతుకు దగ్గర వేడి పుట్టి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. ఇరవై ఆంపియర్లు ప్రవహించేచోట వదులు అతుకు అంటే చిన్న హీటరే. సరైన వెడల్పు దొరకకపోతే, ఆ టెర్మినళ్లకు సరిపోయే అడాప్టరు రేకులు దొరుకుతాయి, వాటిని వాడాలి. టెర్మినల్ మీద టంకం పెట్టి వైరు అతికించడం ఎప్పుడూ చేయవద్దు; ఆ వేడికి టెర్మినల్ చుట్టూ ఉన్న సీలు కరిగి ఆమ్లం కారడం మొదలవుతుంది.

లోపల రెండో, మూడో బ్యాటరీలు ఉంటే అన్నిటినీ ఒకేసారి మార్చాలి. కొత్తవన్నీ ఒకే కంపెనీవి, ఒకే సామర్థ్యం గలవి, వీలైతే ఒకే నెలలో తయారైనవి అయి ఉండాలి. శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలిపిన బ్యాటరీలన్నిటిలో ఒకే కరెంటు ప్రవహిస్తుంది, కాని ఛార్జరు ఇచ్చే వోల్టేజిని అవి సమానంగా పంచుకోవు. బలహీనమైనదాని ప్రవర్తన వేరుగా ఉంటుంది; దాని వల్ల ఒకటి అవసరానికి మించి, ఇంకొకటి అవసరానికి తక్కువ ఛార్జ్ అవుతూ, కొన్ని నెలల్లోనే కొత్తది కూడా పాతదాని దారి పడుతుంది.

కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. వాడకుండా ఉంచిన బ్యాటరీ కూడా 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర నెలకు సుమారు 3 శాతం ఛార్జ్ కోల్పోతుంది, వేడి ప్రదేశంలో ఇంకా త్వరగా పోతుంది. ఆరు నెలలకు పైగా మళ్లీ ఛార్జ్ చేయకుండా పడి ఉన్నదాంట్లో సల్ఫేట్ గట్టిపడడం అప్పటికే మొదలై ఉంటుంది. అమ్మేవారినే అడిగి మీటరు పెట్టించుకోండి; 12.6 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే మరొకటి ఇమ్మనండి.

లిథియం బ్యాటరీల సంగతి కొందరు అడుగుతుంటారు. అదే కొలతల్లో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు దొరికే మాట నిజమే, వాటి ఆయుష్షు ఎక్కువన్నదీ నిజమే. కాని నాలుగు సెల్లుల ఆ బ్యాటరీ పూర్తిగా నిండడానికి సాధారణంగా 14.4 వోల్టుల దాకా కావాలి, లెడ్-యాసిడ్ కోసం చేసిన యూపీఎస్ ఛార్జరు 13.5 నుంచి 13.8 మధ్య పట్టి ఉంచుతుంది. పైగా లోపలి రక్షణ సర్క్యూటు అధిక కరెంటు చూసి ఒక్కసారిగా తెగిపోతే, యూపీఎస్ ఉన్నా లేనట్టే. తయారీదారు అనుమతించని యూపీఎస్‌లో లెడ్-యాసిడ్ స్థానంలో లెడ్-యాసిడే పెట్టడం క్షేమం.

మొదలుపెట్టే ముందు

కంప్యూటరులో పని భద్రపరచి ఆపేయండి. యూపీఎస్ ముందున్న బటన్ నొక్కి దాన్ని ఆపండి. తర్వాత గోడ సాకెట్ నుంచి ప్లగ్ తీయండి, వెనక తగిలించిన పరికరాల ప్లగ్‌లన్నీ కూడా తీయండి. కొన్ని మోడళ్లలో నడుస్తుండగానే బ్యాటరీ మార్చే వీలుంటుంది. అది ఆగకూడని సర్వర్ల కోసం పెట్టిన సౌకర్యం, ఇంట్లో దాని అవసరం లేదు. ప్లగ్ తీయడం ఎందుకంత ముఖ్యమంటే, కొన్ని యూపీఎస్‌లలో బ్యాటరీ సర్క్యూటు గోడ కరెంటు నుంచి పూర్తిగా వేరుపడి ఉండదు. అలాంటిదాంట్లో ప్లగ్ ఉండగా 12 వోల్టుల వైరే కదా అని తాకితే గోడ కరెంటే కొట్టవచ్చు. బయటికి చూసి ఏది ఏ రకమో చెప్పలేం కనుక అన్నిటినీ ఆ రకంగానే భావించాలి.

ఉంగరాలు, గాజులు, లోహపు పట్టీ ఉన్న గడియారం, మెడలో వేలాడే గొలుసు తీసి పక్కన పెట్టండి. 7 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ అంతర్నిరోధం ఓములో వందో వంతుల లెక్కలో, అంటే చాలా తక్కువగా, ఉంటుంది. టెర్మినళ్ల మధ్య ఉంగరం అడ్డుపడితే కొన్ని వందల ఆంపియర్లు ప్రవహించి, వేలికి ఉండగానే ఎర్రగా కాలుతుంది. 12 వోల్టులు షాక్ కొట్టవు, కాని కాల్చగలవు. పిడికి ప్లాస్టిక్ తొడుగు ఉన్న స్క్రూడ్రైవరు, మందపాటి ఇన్సులేషన్ టేపు, కటింగ్ ప్లేయరు, ఫోను దగ్గర పెట్టుకోండి. బ్యాటరీ ఉబ్బినట్టు గాని, తడి కనబడినట్టు గాని ఉంటే రబ్బరు చేతితొడుగులు, కంటి అద్దాలు తప్పనిసరి. పిల్లలు, పెంపుడు జంతువులు తిరగని చోట, పొడి నేల మీద, మంచి వెలుతురులో కూర్చోండి.

ఒక హద్దు కూడా చెప్పాలి. లోపల నాలుగు బ్యాటరీల వరకు శ్రేణిలో ఉంటే, అంటే మొత్తం 48 వోల్టుల వరకు, ఈ పద్ధతిలో జాగ్రత్తగా చేసుకోవచ్చు. అంతకు మించితే డీసీ వోల్టేజి 60 దాటుతుంది, అది మనిషికి నేరుగా ప్రమాదం. ఎప్పుడూ ఇన్వర్టరు ద్వారానే కరెంటు ఇచ్చే ఆన్‌లైన్ రకం పెద్ద యూపీఎస్‌లలో, విద్యుత్తును నిల్వ ఉంచుకునే లోపలి కెపాసిటర్ల మీద 300 వోల్టులకు పైగా ఉండవచ్చు. వాటిని శిక్షణ ఉన్న సాంకేతిక నిపుణులకే వదిలిపెట్టండి.

పాతదాన్ని తీయడం

చాలా చిన్న యూపీఎస్‌లకు అడుగునో, ముందువైపునో బ్యాటరీకి ప్రత్యేకమైన తలుపు ఉంటుంది. ఒకటి రెండు స్క్రూలు తీసి జరిపితే బ్యాటరీ కనబడుతుంది, సర్క్యూటు బోర్డు మీ చేతికి అందదు. ఇది మేలైన ఏర్పాటు. అలాంటి తలుపు లేని వాటిలో పెట్టె మొత్తం రెండుగా విప్పాలి. స్క్రూలు అడుగు భాగంలో లోతైన రంధ్రాల్లో దాగి ఉంటాయి. విప్పేటప్పుడు ముందు ప్యానెల్‌ను బోర్డుతో కలిపే సన్నటి వైర్లు తెగకుండా మూతను నెమ్మదిగా ఎత్తాలి. బోర్డును, ముఖ్యంగా దాని మీద నిలబడి ఉన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లను, తాకవద్దు.

మూత తీయగానే, ఏదీ కదపకముందే, వైర్లు ఎలా ఉన్నాయో ఫోనుతో రెండు మూడు కోణాల నుంచి ఫొటోలు తీసుకోండి. రెండు బ్యాటరీల మధ్య కలిపే పొట్టి వైరు, దాని మధ్యలో ఉండే ఫ్యూజు స్పష్టంగా కనబడాలి. గంట తర్వాత ఏ వైరు ఎక్కడిదో గుర్తుంటుందన్న నమ్మకం మీద ఈ పని చేయకూడదు.

ముందుగా నల్లవైరు, అంటే మైనస్, తీయండి. వైరును పట్టుకుని లాగితే క్లిప్పు నుంచి అది ఊడివస్తుంది, కాబట్టి క్లిప్పునే ప్లేయరుతో పట్టుకుని ఇటూ అటూ కొద్దిగా కదుపుతూ తీయాలి. ఊడిరాగానే ఆ క్లిప్పుకు టేపు చుట్టేయండి. తర్వాత ఎర్రవైరు తీసి దానికీ టేపు చుట్టండి. పాత బ్యాటరీ టెర్మినళ్ల మీద కూడా టేపు అతికించండి. బలం తగ్గిన బ్యాటరీ కూడా షార్ట్ అయితే నిప్పు పుట్టించేంత శక్తి ఉంచుకునే ఉంటుంది. వైర్లు విడదీశాక యూపీఎస్ ఆన్ బటన్‌ను ఐదారు సెకన్లు నొక్కి పట్టుకుంటే, లోపల మిగిలిన ఛార్జ్ కొంత ఖాళీ అవుతుంది.

కొన్ని యూపీఎస్‌లలో రెండు బ్యాటరీలను రెండువైపులా అంటుకునే టేపుతో వెన్నుకు వెన్ను అతికించి, మధ్యలో ఫ్యూజు, ఒక ప్లాస్టిక్ కనెక్టరు పెట్టి ఒకే కట్టగా ఇస్తారు. బ్యాటరీలు మాత్రమే మార్చి ఆ కనెక్టరును, వైర్లను, ఫ్యూజును కొత్తవాటికి తిరిగి వాడుకోవాలి. కాబట్టి పాత కట్టను వాటి కోసం జాగ్రత్తగా విప్పాలి.

ఉబ్బిన బ్యాటరీ తీయడమే ఈ పనిలో ఓపికకు నిజమైన పరీక్ష. అతిగా ఛార్జ్ కావడం వల్లనో, వేడి వల్లనో లోపల వాయువు పెరిగి ప్లాస్టిక్ గోడలు బయటికి వంగి ట్రేలో బిగుసుకుపోతాయి. స్క్రూడ్రైవరు మొనను గోడకీ ట్రేకీ మధ్య పెట్టి పెళ్లగిస్తే బ్యాటరీ పగిలి ఆమ్లం కారుతుంది. దానికి బదులు ట్రే స్క్రూలు తీసి, వీలైతే ట్రేనే విప్పదీసి బ్యాటరీని వదులు చేయాలి. ట్రే లోహపు రేకు అయితే దాని అంచును కొద్దిగా బయటికి వంచవచ్చు. తలకిందులు చేసి నేలకు కొట్టడం వంటి ప్రయత్నాలు చేయకండి. ఎంత ఆలస్యమైనా బలం ప్రయోగించకుండా తీయవలసిందే.

లోపల తెల్లటి పొడి గాని తడి గాని కనబడితే ఆమ్లం కారిందని అర్థం. నీటిలో కలిపిన వంటసోడాలో తడిపి బాగా పిండిన గుడ్డతో ఆ భాగాన్ని మాత్రమే తుడిచి, ఆ తర్వాత మంచినీటి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. క్లిప్పులు పచ్చగా చిలుము పట్టి తినేసి ఉంటే వాటిని మార్చాలి. పొరపాటున ఆమ్లం కంట్లో పడితే కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోసుకుంటూ కడగాలి, తర్వాత ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరికి వెళ్లాలి.

కొత్తదాన్ని పెట్టడం

లోపలి దుమ్మును మెత్తటి కుంచెతో తీయడానికి ఇదే మంచి సమయం. ఫ్యాను రెక్కలు, గాలి రంధ్రాలు శుభ్రం చేయండి.

ఒకే బ్యాటరీ ఉంటే ఎర్రవైరును ప్లస్ గుర్తు ఉన్న టెర్మినల్‌కు ముందుగా, నల్లవైరును మైనస్ గుర్తు ఉన్న టెర్మినల్‌కు తర్వాత పెట్టాలి. క్లిప్పు టెర్మినల్ మీద చివరిదాకా గట్టిగా దిగాలి. చేత్తో లాగితే ఊడిరాకూడదు. ఈ పనిలో సరిదిద్దుకోవడానికి వీల్లేని పొరపాటు ఒక్కటే ఉంది, అది వైర్లు తారుమారు చేయడం. తిరగేసి పెట్టిన క్షణంలోనే ఫ్యూజు పోతుంది; ఫ్యూజు కంటే ముందు ఇన్వర్టరు ట్రాన్సిస్టర్లు పోతే యూపీఎస్ అక్కడితో అయిపోయినట్టే. పాత బ్యాటరీలో ప్లస్ కుడివైపు ఉందని కొత్తదాంట్లోనూ అక్కడే ఉంటుందని అనుకోకుండా, బ్యాటరీ మీద అచ్చువేసిన గుర్తును చూసి పెట్టండి.

రెండు బ్యాటరీలు ఉంటే, మొదటిదాని ప్లస్‌ను రెండోదాని మైనస్‌తో పొట్టి వైరుతో కలపాలి. మిగిలిన ఒక మైనస్, ఒక ప్లస్ యూపీఎస్‌కు వెళ్తాయి. యూపీఎస్‌కు కలిపే ముందు ఆ రెండు చివరల మధ్య మీటరు పెట్టి చూడడాన్ని నేను ఎప్పుడూ మానను. 25 నుంచి 26 వోల్టులు చూపిస్తే కలపడం సరిగ్గా ఉంది. దాదాపు సున్నా చూపిస్తే ఒక బ్యాటరీ ఎదురు దిశలో ఉందని, ఏమీ చూపించకుండా అంకెలు తేలుతుంటే ఫ్యూజు పోయిందో, అతుకు తగల్లేదో అని అర్థం చేసుకోవచ్చు. ఈ అరనిమిషం ఖర్చు పెట్టినవారికి యూపీఎస్ కాలిపోయే అవస్థ రాదు.

చివరి వైరు తగిలించేటప్పుడు చిటుక్కుమని ఒక చిన్న నిప్పురవ్వ రావచ్చు. లోపలి కెపాసిటర్లు ఒక్కసారిగా నిండడం వల్ల వచ్చే రవ్వ అది, భయపడనక్కరలేదు. తడబడుతూ తాకించి తీసి మళ్లీ తాకించకుండా ఒక్క ఊపులో లోపలికి నొక్కేయండి. రవ్వలు ఆగకుండా వస్తున్నా, వైరు వేడెక్కుతున్నా వెంటనే తీసేసి, ఎక్కడో తప్పు జరిగిందని మొదటినుంచి చూసుకోండి.

సీలు చేసిన బ్యాటరీని పక్కకు పడుకోబెట్టి అమర్చవచ్చు, తలకిందులుగా మాత్రం పెట్టకూడదు. మూత పెట్టేటప్పుడు ఏ వైరూ అంచు కింద నలగకుండా, ఫ్యానుకు తగలకుండా సర్దండి.

ఛార్జింగ్, పరీక్ష

గోడకు ప్లగ్ పెట్టి, పరికరాలేవీ తగిలించకుండా ఒక రోజు వదిలేయండి. ఏడెనిమిది గంటల్లో చాలా వరకు నిండుతుంది గాని, చివరి భాగం నిదానంగా నిండుతుంది. మొదటి రెండు మూడు గంటల్లో అప్పుడప్పుడు వచ్చి తాకి చూడండి. గోరువెచ్చదనం సహజం, చేయి పెట్టలేనంత వేడి సహజం కాదు. పాత బ్యాటరీ ఉబ్బి పోయి ఉంటే తప్పు ఛార్జరుది కూడా కావచ్చు. అందుకని మరునాడు ఆపి, ప్లగ్ తీసి, మూత తెరచి బ్యాటరీ వోల్టేజి చూడండి. అప్పుడే తీసిన బ్యాటరీ ఒక్కోటి 13 నుంచి 13.8 మధ్య చూపించడం సరైనది. 14 దాటి ఉంటే ఆ ఛార్జరు కొత్త బ్యాటరీని కూడా ఉబ్బిస్తుంది. దాన్ని బాగు చేయించేదాకా వాడవద్దు.

కొత్త బ్యాటరీ పెట్టినా హెచ్చరిక దీపం వెలుగుతూనే ఉంటే కంగారు పడకండి. కొన్ని యూపీఎస్‌లు పాత బ్యాటరీ లెక్కను జ్ఞాపకం ఉంచుకుంటాయి. పూర్తిగా ఛార్జ్ అయ్యాక స్వీయపరీక్ష చేయించినా, కంప్యూటరులోని దాని సాఫ్ట్‌వేరులో బ్యాటరీ మార్చిన తేదీ నమోదు చేసినా ఆ దీపం ఆరిపోతుంది.

అసలు పరీక్షను మీరు రోజూ వాడే లోడుతో చేయాలి, కాని మొదటిసారి కంప్యూటరుకు బదులు టేబుల్ లైటో, పాత మానిటరో పెట్టండి. ప్లగ్ లాగేయకుండా గోడ స్విచ్ ఆపండి. ప్లగ్ లాగితే ఎర్తింగ్ కూడా తెగిపోతుంది, స్విచ్ ఆపితే అది నిలిచే ఉంటుంది. ఎన్ని నిమిషాలు నడిచిందో రాసుకోండి. ఆ అంకె రేపు పోల్చి చూసుకోవడానికి పనికివస్తుంది: ఆరు నెలలకోసారి ఇదే పరీక్ష కొద్ది నిమిషాలు చేస్తే బ్యాటరీ ఎంత వేగంగా బలహీనపడుతోందో ముందే తెలుస్తుంది. ప్రతిసారీ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడపడం మాత్రం దాని ఆయుష్షును తినేస్తుంది.

బ్యాటరీ మీద, యూపీఎస్ వెనకా మార్చిన నెల, సంవత్సరం శాశ్వత సిరా పెన్నుతో రాయండి.

ఎక్కువ కాలం నిలవాలంటే

ఈ బ్యాటరీలకు అసలు శత్రువు వేడి. తయారీదారులు చెప్పే ఆయుష్షు 20 నుంచి 25 డిగ్రీల దగ్గర లెక్కగట్టినది. అక్కడినుంచి ప్రతి పది డిగ్రీల పెరుగుదలకు ఆయుష్షు సుమారుగా సగానికి పడిపోతుంది. బల్ల కింద మూలలో, గోడకు ఆనించి, పైన పుస్తకాలు పేర్చి, ఎండ పడే కిటికీ పక్కన పెట్టిన యూపీఎస్‌లో ఐదేళ్ల బ్యాటరీ రెండేళ్లకే పోవడంలో ఆశ్చర్యం లేదు. అన్ని వైపులా జానెడు ఖాళీ ఉంచండి. లేజర్ ప్రింటరును బ్యాకప్ సాకెట్‌కు తగిలించకండి, వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా లాగే కరెంటు బ్యాటరీనీ ఇన్వర్టరునూ అలసిపోయేలా చేస్తుంది. నెలల తరబడి ఊరికి వెళ్తుంటే యూపీఎస్‌ను ఆపి వదిలేయడం కూడా మంచిది కాదు, ఎందుకంటే ఆపినా లోపలి సర్క్యూటు కొద్దికొద్దిగా కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. పూర్తిగా ఛార్జ్ చేసి, బ్యాటరీ వైరు విడదీసి ఉంచి, మూడు నెలలకోసారైనా మళ్లీ ఛార్జ్ చేయించే ఏర్పాటు చేసుకోండి.

పాత బ్యాటరీ

బరువు రెండు కిలోలకు పైగా ఉండే ఆ పాత బ్యాటరీలో అధిక భాగం సీసం, దానితోపాటు సల్ఫ్యూరిక్ ఆమ్లం. సీసం నేలలోకి, నీటిలోకి చేరితే తరాల తరబడి అక్కడే ఉంటుంది. పిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. అందుచేత చెత్తతో కలిపి పారేయడం, తెరిచి లోపలి పలకలు తీయడం, కాల్చడం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. మరోవైపు లెడ్-యాసిడ్ బ్యాటరీలోని సీసాన్ని కరిగించి తిరిగి బ్యాటరీలకే వాడతారు కనుక దానికి విలువ ఉంది. కొత్తది అమ్మిన చోట గాని, అధికారికంగా బ్యాటరీలు సేకరించే చోట గాని అప్పగించండి. అప్పటివరకు టెర్మినళ్లకు చుట్టిన టేపు తీయకుండా, నిటారుగా, పిల్లలకు అందని చల్లటి చోట ఉంచండి. కారుతున్నదైతే ప్లాస్టిక్ తొట్టిలో పెట్టి, దాని చుట్టూ వంటసోడా చల్లి, ఆ రోజే తీసుకువెళ్లి ఇచ్చేయండి.